క్లినిక్ దాకా రాలేని మనిషికి ట్రామా థెరపీ: ఒక కేస్ స్టడీ

ఆమె నా క్లినిక్‌కు రావాలంటే ప్రమాదం జరిగిన రోడ్డు మీదుగానే రావాలి. వేరే దారి లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో 65వ నంబరు జాతీయ రహదారి నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది వాళ్ళ ఊరు. హైదరాబాద్ రావాలన్నా, కోదాడ వైపు పోవాలన్నా ముందు ఆ క్రాస్‌రోడ్డు దాటాలి. ప్రమాదం అక్కడే జరిగింది. తమ్ముడు ఒకసారి కారు మాట్లాడి తీసుకొద్దామని చూశాడు. ఊరి చివర చెరువు కట్ట దాకా వచ్చేసరికే ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టి, ఊపిరాడక, కారు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. అప్పటికి ప్రమాదం జరిగి ఏడు నెలలు. "మేడం, ఫోన్లో ఏమన్నా చేయగలరా?" అని తమ్ముడు అడిగాడు. ఆ ఫోనుతోనే ఈ కేసు మొదలైంది.

నేను క్లినికల్ సైకాలజిస్టును. హైదరాబాద్‌లో పనిచేస్తాను. ఇది రాసే ముందు ఆమెకు మొత్తం చదివి వినిపించాను. ఆమె ఒప్పుకున్నవే ఇక్కడ ఉన్నాయి. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఏం జరిగింది

వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచరు. రోజూ సాయంత్రం తోటి టీచరుతో కలిసి ఆటోలో ఇంటికి వచ్చేది. వయసులో పెద్దది కాబట్టి ఆమెను "అక్క" అనేది. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. ఆ రోజు క్రాస్‌రోడ్డు దగ్గర ఆటో పక్కకు ఆగుతోంది. అక్క దిగబోతోంది. వెనక నుంచి లారీ వచ్చి కొట్టింది. అక్క అక్కడికక్కడే పోయింది. ఈమెకు కాలర్ బోన్ విరిగింది, నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది.

మిగతావేవీ అతుక్కోలేదు. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచేది. లారీ హారన్ వినపడితే చేతిలో ఏదుంటే అది వదిలేసేది. స్కూలు మానేసింది. నోటుబుక్కు చూస్తే అక్క గుర్తొస్తుందని పిల్లల హోంవర్క్ కూడా చూడటం మానేసింది. అన్నిటికంటే ఇంట్లోవాళ్ళకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. వంటింట్లో స్టీలు మూత కింద పడితే చాలు, కేక పెట్టి మూలకు నక్కేది. అత్తగారు గాలి సోకిందేమో అనుకుని తాయెత్తు కట్టించారు. దాన్ని తీసేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ పెద్దావిడకు తెలిసిన వైద్యం అది, కోడలు బాగుపడాలనే కట్టించింది. తర్వాత నాకు ఈ ఇంట్లో దొరికిన పెద్ద సాయం కూడా ఆవిడే.

మొదటి అంచనాలో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం, అంటే ట్రామా, తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు) లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో 80కి 54 వచ్చింది. సాధారణంగా 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానిస్తాం, తర్వాత వివరంగా మాట్లాడి నిర్ధారిస్తాం. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 17, యాంగ్జైటీ కొలిచే జీఏడీ-7లో 21కి 16. అంటే మూడూ కలిసే ఉన్నాయి. ట్రామా కేసుల్లో ఇది మామూలే. నేను ముందుగా ట్రామానే పట్టుకున్నాను, ఎందుకంటే ఆమె దిగులూ భయమూ రెండూ ఆ ఒక్క సాయంత్రం నుంచే పుట్టుకొస్తున్నాయి.

మొదటి కాల్ ఎందుకు పాడైంది

మొదటి వీడియో కాల్‌లో నేను ఏం అడిగినా "ఆ మేడం", "బాగానే ఉన్న మేడం" అనే జవాబులే. ఇరవై నిమిషాలకు గానీ నాకు వెలగలేదు. ఆమె హాల్లో కూర్చుంది. వెనక టీవీ నడుస్తోంది. ఫోన్ భర్తది, ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. క్లినిక్‌లో అయితే తలుపు వేస్తాం, మిగతావాళ్ళను బయట కూర్చోమంటాం. ఆన్‌లైన్‌లో ఆ తలుపు ఉండదు. దాన్ని మనమే కట్టుకోవాలి, అదీ ఆ ఇంటి మనుషులతో కలిసి. ఈ పనికి నేను ఇప్పుడు ఒక సెషన్ పూర్తిగా కేటాయిస్తాను. లేకపోతే తర్వాతి పది సెషన్లూ "బాగానే ఉన్న మేడం" దగ్గరే ఆగిపోతాయి.

రెండోసారి మాట్లాడుకుని ఏర్పాటు చేసుకున్నాం. చోటు మేడ మీద, వాటర్ ట్యాంకు నీడలో. సమయం మధ్యాహ్నం రెండున్నర. పిల్లలు బళ్ళో ఉంటారు, అత్తగారు కునుకు తీస్తారు. తమ్ముడు తన పాత ఫోన్ ఇచ్చాడు, చెవిలో ఇయర్‌ఫోన్. ఎవరైనా పైకి వస్తే "ఆధార్ జిరాక్స్ రేపు పంపుతా" అనాలి, అప్పుడు నేను వెంటనే మాట మారుస్తాను. కెమెరా ముఖానికి మరీ దగ్గరగా వద్దన్నాను. ఛాతీ, చేతులు కూడా కనపడాలి. ఊపిరి ఎలా పీలుస్తోందో, వేళ్ళు ఎలా బిగుసుకుంటున్నాయో చూడకుండా ట్రామా పని చేయకూడదు.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఆమె "కొన్ని రోజులు" అని చెప్పింది. తిప్పి తిప్పి కాకుండా నేరుగానే అడిగాను. "పండుకున్నప్పుడు మళ్ళ లేవకుంటే మంచిగుండు అనిపిస్తది మేడం. పిల్లలున్నరు, నేనేం చేసుకోను" అంది. అలా చెప్పిందని ఊరుకోలేదు. ఇంటి పూర్తి చిరునామా, తమ్ముడి నంబరు, రెండిళ్ళ అవతల ఉండే ఆశా వర్కర్ నంబరు, దగ్గరి ఆసుపత్రి పేరు, అన్నీ ఆమె అనుమతితో రాసుకున్నాను. నేను అందుబాటులో లేని వేళల్లో ఆలోచనలు ఎక్కువైతే 14416కు చేయమన్నాను. అది 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రతి కాల్ మొదట్లో "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడగడం నాకు నియమం. మనిషి ఎక్కడుందో తెలియకపోతే అవసరానికి 108ని ఎక్కడికి పంపుతాం?

మందులు నేను రాయను. తెలిసిన సైకియాట్రిస్ట్ ఆమెను వీడియోలో చూసి సెర్ట్రలైన్ మొదలుపెట్టారు. మన దేశంలో టెలిమెడిసిన్, అంటే దూరం నుంచి ఫోన్, వీడియో మీద చేసే వైద్యం, మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. దాని వెంటే అదే ఏడాది టెలీసైకియాట్రీ మీదా, ఫోన్, వీడియో ద్వారా సైకోథెరపీ మీదా బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. చాలామంది ఇది కోవిడ్ కాలంలో సర్దుకున్న పద్ధతి అనుకుంటారు. స్టాక్‌హోమ్‌లో ప్రభుత్వ ఇంటర్నెట్ సైకియాట్రీ క్లినిక్ 2007 నుంచే మామూలు రోగులను చూస్తోంది.

పద్ధతి

నేను వాడింది ఆంకె ఎలర్స్, డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టులు 2000లో వివరించిన నమూనా మీద నడిచే కాగ్నిటివ్ థెరపీ. దాని లోపలి సంగతి తేలిక మాటల్లో ఇది. ప్రమాదం అయిపోయింది, కానీ దాని జ్ఞాపకం మిగతా జ్ఞాపకాల్లా వరసలో సర్దుకోలేదు. ముక్కలుగా ఉండిపోయింది. అందుకే ఒక చప్పుడు, ఒక వాసన తగిలితే అది గతంలా కాక ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. దానికి తోడు ఆ ముక్కల చుట్టూ "నా వల్లే", "మళ్ళీ జరుగుతుంది" లాంటి అర్థాలు గడ్డకట్టి ఉంటాయి. తప్పించుకు తిరిగే కొద్దీ అవి కరగవు. ఈ థెరపీకే ఇంటర్నెట్ రూపం కూడా ఉంది. థెరపిస్టు తోడుండి నడిపిస్తాడు. బ్రిటన్‌లో దాన్ని స్ట్రెస్ మేనేజ్‌మెంట్ మీద దృష్టి పెట్టిన మరో ఆన్‌లైన్ చికిత్సతో పోల్చి చూశారు. ఫలితాలు 2023లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ట్రామా జ్ఞాపకం మీద నేరుగా పనిచేసినదే ఎక్కువ మేలు చేసింది. నేను మాత్రం అలా ఆన్‌లైన్ పాఠాలు (మాడ్యూళ్ళు) పంపలేదు. ప్రతి వారం వీడియోలో ఎదురెదురుగా కూర్చున్నాం.

"శ్వాస మీద ధ్యాస పెట్టండి" అని చెప్పి వదిలేసే యాప్‌లు బోలెడు వచ్చాయి. కాస్త టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు అవి పనికొస్తాయేమో. కళ్ళ ముందు మనిషి పోవడం చూసిన వాళ్ళను వాటి చేతికి అప్పజెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మొదటి నెలలో చిన్న పనులే. మానేసిన వాటిలోంచి ఒకటి తిరిగి తెచ్చుకోవడం. ఆమె ముగ్గును ఎంచుకుంది. ప్రమాదం తర్వాత వాకిట్లో అత్తగారే ముగ్గు వేస్తున్నారు. వారంలో మూడు రోజులు, మనసు బాగున్నా లేకున్నా తానే వేయాలి. "మనసైతే వేస్తా" అనేది డిప్రెషన్ మాట. చేతులు ముందు కదలాలి, మనసు వెనక వస్తుంది. మూడో వారానికి పక్కింటి పిల్లలు ముగ్గురు ట్యూషన్‌కు వస్తామంటే ఒప్పుకుంది.

కాల్ తెగిన రోజు

ఐదో సెషన్. మొదటిసారి ఆ సాయంత్రాన్ని మొదటి నుంచి, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమన్నాను. కళ్ళు మూసుకుంది. ఆటో క్రాస్ దగ్గరికి వచ్చింది. "అక్క కాలు కింద పెడుతున్నది..." అంది. స్క్రీన్ నల్లబడిపోయింది.

ముందే అనుకున్న ప్రకారం నిమిషంలో మామూలు కాల్ చేశాను. స్విచ్ ఆఫ్. తమ్ముడికి చేశాను. అతను పొలంలో ఉన్నాడు. ఆశా వర్కర్‌కు చేశాను. ఆవిడ పరుగున వెళ్ళి మేడ ఎక్కేసరికి తొమ్మిది నిమిషాలు. ఆమె ట్యాంకుకు ఆనుకుని, కళ్ళు మూసుకునే ఉంది. వణుకుతోంది. ఫోన్ బ్యాటరీ అయిపోయింది, అంతే. కానీ ఆ తొమ్మిది నిమిషాలూ ఆమె లారీ కొట్టిన క్షణంలో ఒంటరిగా ఉంది. ఆ వారం పీసీఎల్-5 57కు పెరిగింది. జ్ఞాపకం మీద పని మొదలుపెట్టినప్పుడు కొందరికి స్కోరు కొంచెం పెరగడం ఉంది, కానీ ఇందులో నా తప్పు ఉంది. పాత ఫోన్ అని తెలిసి కూడా ఛార్జింగ్ ఎంత ఉందో అడగలేదు. తెగిపోతే తాను ఏం చేయాలో ఆమెకు ముందే నేర్పలేదు. నా వైపు ప్లాన్ మాత్రమే వేసుకున్నాను.

ఆమెకు ఇదే చెప్పి క్షమాపణ అడిగాను. తర్వాతి సెషన్ మొత్తం జ్ఞాపకం జోలికి పోలేదు. మేడ మీద కుండీలో కరివేపాకు మొక్క ఉంది. కాల్ తెగితే వెంటనే కళ్ళు తెరవాలి, రెండు ఆకులు తుంచి నలిపి వాసన చూడాలి, ట్యాంకు మీద చేయి పెట్టి చల్లదనం గమనించాలి, ఈ రోజు తేదీ, వారం పైకి చెప్పాలి, కిందకి దిగి మంచినీళ్ళు తాగాలి. అయిదుసార్లు కావాలనే కాల్ కట్ చేసి ప్రాక్టీసు చేశాం. ఐదోసారి తిరిగి కలిపేసరికి ఆమె నవ్వింది, "చెయ్యంతా కరివేపాకు వాసనే మేడం" అని. ఇప్పుడు నా దగ్గర ఏ ట్రామా కేసులోనైనా ఈ ప్రాక్టీసు లేకుండా జ్ఞాపకంలోకి వెళ్ళను. ఫోన్ కూడా పవర్ బ్యాంకుకు కలిపి ఉండాల్సిందే.

చివరి సీటు

ఆమెను అన్నిటికంటే ఎక్కువగా తినేస్తున్న ఆలోచన ఇది. "నేను లోపలికి జరిగిన. అక్కను చివరన కూసోబెట్టిన. నేను అడగకుంటే అక్క బతికుండు." ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్క ఇంటికి దినాలకు కూడా వెళ్ళలేదు, వాళ్ళ ముఖం చూడలేక. అందరూ భయమనుకున్నారు. అది భయం కాదు, నేరం చేశానన్న భావం.

ఎనిమిదో సెషన్‌లో మూడోసారి ఆ సాయంత్రాన్ని చెప్పిస్తున్నాను. ఈసారి ప్రమాదం దగ్గర కాక స్కూలు గేటు దగ్గర నెమ్మదించమన్నాను. నేను ఏమీ సూచించలేదు. "ఆటో ఎక్కుతున్నారు. ఏం కనపడుతోంది, ఏం వినపడుతోంది?" అంతే. ఆమె చెబుతూ పోయింది. "అక్క టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకున్నది. నా కొంగు బయటికి ఎగురుతున్నది. అక్క అంటున్నది, జరుగు లోపలికి, నేను ముందు దిగుతా గద..." అక్కడ ఆగిపోయింది. కళ్ళు తెరిచింది. చాలాసేపు నన్నే చూసింది. "అక్కనే అన్నది మేడం."

ఇక్కడ నేను తొందరపడలేదు. జ్ఞాపకం వీడియో రికార్డు కాదు. ఇన్ని నెలల తర్వాత గుర్తొచ్చిన ఒక్క మాట మీద ఆమె నిర్దోషిత్వాన్ని నిలబెట్టకూడదు, రేపు అదీ అనుమానంగా మారితే మళ్ళీ కూలిపోతుంది. అందుకే వేరే అడిగాను. "మిగతా రోజుల్లో చివర ఎవరు కూర్చునేవాళ్ళు?" షేర్ ఆటో ఎక్కిన వాళ్ళెవరికైనా తెలిసిన విషయమే, ముందు దిగేవాళ్ళు చివర కూర్చుంటారు. అక్క దిగేది క్రాస్‌రోడ్డు దగ్గర. ఈమె ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు లోపల. మూడేళ్ళుగా రోజూ చివరి సీటు అక్కదే. ఆ రోజు ఎవరు ఏ మాట అన్నా, అక్క అక్కడే కూర్చునేది.

ఆమె అప్పుడు ఏడ్చిన ఏడుపు అంతకు ముందువాటిలాంటిది కాదు. అప్పటిదాకా తన తప్పుకు ఏడ్చింది. ఇప్పుడు అక్క కోసం ఏడ్చింది. నేను మాట్లాడలేదు. స్క్రీన్ మీద ఆమె తల, వెనక ట్యాంకు, ఆరేసిన బట్టలు. తర్వాతిసారి కథ చెప్పేటప్పుడు ఆటో ఎక్కే చోట ఈ కొత్త వాక్యం కూడా చేర్చి చెప్పింది: "ఇది అక్క సీటు. రోజూ ఇక్కడే కూసుంటది." తొమ్మిదో సెషన్‌కు పీసీఎల్-5 33.

స్టీలు మూత

పదో సెషన్ వంటింట్లో చేశాం. ఇది నా క్లినిక్‌లో ఎన్నటికీ జరగని పని. ప్రమాదంలో అక్క టిఫిన్ బాక్సు మూత రోడ్డు మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. ఈమె పడి ఉన్నచోట చివరగా విన్న చప్పుడు అదే. అందుకే మూత పడితే చాలు, శరీరం రోడ్డు మీదికి వెళ్ళిపోతోంది. ఫోన్ ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టింది. అత్తగారిని కూడా రమ్మన్నాం. విషయం ఆమెకు కోడలే చెప్పింది. పెద్దావిడ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయ్యో బిడ్డా, గిదా సంగతి" అంది.

ముందు తేడాలు వెతికించాను. అప్పుడు కింద తారు, ఇప్పుడు షాబాదు బండ. అప్పుడు డీజిలు వాసన, ఇప్పుడు పోపు వాసన. అది అక్క మూత, సన్నది. ఇది పప్పు గిన్నె మూత, బరువైనది. అప్పుడు ఒంటరి, ఇప్పుడు అత్తమ్మ ఉంది. మొదట అత్తగారు మూతను బండ మీద మెల్లగా తట్టారు. తర్వాత కొద్ది ఎత్తు నుంచి. చివరికి ఆమె చేత్తోనే వదిలేయించాను. మూత గిర్రున తిరుగుతుంటే ఆమె కళ్ళు దాని మీదే, పెదాలు కదులుతున్నాయి: "షాబాదు బండ, పోపు, అత్తమ్మ." భయం వందకు ఎంత అంటే మొదట 85, పన్నెండోసారికి 30. ఆ తర్వాత వారమంతా రోజుకోసారి అత్తగారే "మూత వేద్దామా?" అని పిలిచి చేయించారు. నేను మందులా రాసిస్తే కూడా అంత శ్రద్ధగా జరిగేది కాదేమో.

పదకొండో సెషన్‌లో క్రాస్‌రోడ్డుకు వెళ్ళింది. దానికి ముందు పది రోజులు చెరువు కట్ట దాకా, తర్వాత గుడి దాకా వెళ్ళి వస్తూ ఉంది. ఆ రోజు భర్త బండి మీద తీసుకెళ్ళాడు. బండి దిగి, రోడ్డుకు దూరంగా నిలబడ్డాకే నన్ను కలపమన్నాను. గాలి హోరులో మాట సరిగా వినపడలేదు, వీడియో ఆపి గొంతుతోనే నడిపాం. అక్కడ ఆగి ఉన్న ఖాళీ ఆటోలో, డ్రైవర్‌ను అడిగి, లోపలి సీట్లో కూర్చోమన్నాను. "వెనక లారీ వస్తే మీకు కనపడుతుందా?" తిరిగి చూసింది. వెనకంతా రెక్సిన్ కప్పు. "ఏం కనవడ్త లేదు మేడం." "నేను లారీని చూసి అరిచి ఉంటే అక్క బతికేది" అనే రెండో ముడి అక్కడ విడిపోయింది. ఇది నేను నా గదిలో కూర్చుని వందసార్లు చెప్పినా విడిపోయేది కాదు.

ఎవరికి వద్దంటాను

ప్రతి కేసూ ఇలా చేయను. చనిపోవాలన్న ఆలోచన ప్రయత్నం దాకా వచ్చినవాళ్ళు, ఇంట్లో హింసకు గురవుతూ ఫోన్ మీద కూడా నిఘా ఉన్నవాళ్ళు, లేనివి వినపడే, కనపడే స్థితిలో ఉన్నవాళ్ళు, మద్యం మానలేకపోతున్నవాళ్ళు ముందు దగ్గర్లో ఎవరికైనా నేరుగా కనపడాలి. ఈ కేసులో కూడా తమ్ముడు, ఆశా వర్కర్ లేకపోతే నేను జ్ఞాపకం మీద పని మొదలుపెట్టేదాన్ని కాదు.

మొత్తం 14 సెషన్లు, దాదాపు ఐదు నెలలు. ముగింపుకు పీసీఎల్-5 19, పీహెచ్‌క్యూ-9 6, జీఏడీ-7 5. తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మూడు నెలల తర్వాత చూస్తే పీసీఎల్-5 17. మందు సైకియాట్రిస్ట్ సలహా మీద ఇంకా కొనసాగుతోంది. స్కూలుకు తిరిగి వెళుతోంది.

పదమూడో సెషన్‌కు ముందు ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. తలుపు తీసి, "ఇన్ని రోజులు ఎందుకు రాలే పిన్ని?" అని అడిగిందట. ఆమె అంతా చెప్పింది, సీటు సంగతితో సహా. ఆ పిల్ల లోపలికి వెళ్ళి అక్క బడి సంచి తెచ్చి ఒళ్ళో పెట్టిందట. అందులో దిద్దకుండా ఉన్న నోటుబుక్కులు ఇంకా అలాగే ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని వాటిని దిద్దారు.

ఆటోలో మాత్రం ఆమె ఇప్పటికీ చివరి సీట్లో కూర్చోదు. వచ్చే నెల రివ్యూలో దాని గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బస్సులో హైదరాబాద్ వస్తానంది.